రాగత్రయము: నూలునకును కాగితమునకును రంగు పట్టిన చరిత్ర

మన మహాసభా సంచికలయందు కులోత్పత్తిని గూర్చియు, కాశినుండి నందవరమునకు చౌడేశ్వరీదేవి విచ్చేసిన కథను గూర్చియు, మన వీరక్షత్రియ బిరుదమును గూర్చియు పెద్దలనేకులు వ్రాసియున్నారు, ఇకముందును వ్రాయుదురు. ఆ కథలను నమ్మువారు నమ్ముదురు, శాసనాధారము లడుగువారు అడుగుదురు. ఆ వివాదమునకు నేను దిగను. మన పేరునందే యున్న ఒక చిన్న మాటను పట్టుకొని, అది చూపిన త్రోవను కొంతదూరము నడచి చూచెదను.

తొగరు అనగా తెలుగున ఎరుపు. తొగరుచెట్టనగా మద్దిచెట్టనియు పిలువబడు ఒక చెట్టు. దాని వేరు పట్టనుండి నూలునకు వేయు ఎఱ్ఱరంగు వచ్చును. తొగట యను మన పేరు ఈ తొగరునుండియే వచ్చినదని కొందరందురు. నాకును అదియే యుక్తముగా తోచుచున్నది. ఇందువలన మన గౌరవమునకు కొఱత యేమియు లేదు. 1909లో ప్రకటితమైన ఎడ్గార్ థర్స్టన్ గారి దక్షిణదేశ కులముల గ్రంథమునందు మనవారు బీదసాదలు కట్టు ముతకగుడ్డలు నేయువారని వ్రాయబడినది. మనవారిలో కొందరు ఆ వాక్యమును చదివి చిన్నబోవుదురు. నేను చిన్నబోను. పట్టుచీరెకు రంగు వెలసినచో మరియొక పట్టుచీరె కొనగలవారు కలరు. రెండేండ్లకొక గుడ్డ కొనుక్కొను కూలిమనిషి చీరెకు రంగు వెలసినచో ఆమె వెలిసిన చీరెతోనే పండుగ చేసికొనవలెను. కావున రంగు నిలువవలసిన అక్కఱ ముతకగుడ్డకే యెక్కువ.

నేతవారి సంచికలో కాగితము మాట యేల యని పోషకమహాశయులు అడుగవచ్చును. నూలును కాగితమును దాయాదులు కావు. ఒక్క తల్లి బిడ్డలు. పూర్వము కాగితము చిరిగిన గుడ్డలనుండియు, పాత గోనెలనుండియు, జనపనారనుండియు పుట్టెడిది. దౌలతాబాదునకు చేరువనున్న కాగజీపురమునను, మన తెలుగునాట కరీంనగరు సీమలోని కోరుట్లయందును చేతితో కాగితము చేయు కుటుంబము లుండెడివి. కోరుట్ల కాగితముపై నిజాము రాష్ట్రపు పట్వారీలు లెక్కలు వ్రాసికొనెడివారు. గుడ్డపేలికలను, నారను సున్నపునీట నానబెట్టి, దంచి, కడిగి, తొట్టిలోని నీట కలిపి, సన్నని తడికెతో ఎత్తి, ఆరబెట్టి, గంజి పూసి, నున్నని రాతితో మెఱుగుపెట్టెడివారు. అనగా మన మగ్గముమీద పోగు ప్రక్క పోగుగా క్రమముగా కూర్చబడిన పదార్థమే అక్కడ క్రమము లేక అడ్డదిడ్డముగా పడుకొని కాగితమగుచున్నది. నేటి మిల్లులలో వెదురు, కట్టె, పాత కాగితము ముడిసరకులైనను లోపలి పోగు మాత్రమదియే. రసాయనజ్ఞులు దానిని సెల్యులోజు అందురు. ద్రాక్షశర్కర యణువులు వేలకొలది గొలుసుగా చేరినచో సెల్యులోజగును. ఆ గొలుసు పొడవునను ఉదజని, ఆమ్లజని జంటలు ముండ్లవలె లేచియుండును. నీటిని పట్టునవి అవే, రంగును పట్టునవియు అవే. కాబట్టి నూలునకు రంగు పట్టు మర్మమెరిగినవానికి కాగితపు మర్మము సగము తెలిసినట్లే.

మొదట ఒక భేదము చెప్పవలెను. పూత వేరు, అద్దకము వేరు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పునందలి చిత్రములలో స్త్రీపురుషుల చీరెలమీది గళ్లను, అంచులను చూచి ధర్మవరము నేతగాండ్రు నేటికిని నమూనాలు తీసికొనుచున్నారు. ఆ చిత్రములలోని కావియెరుపు మట్టిరంగు. గోడకు పైన అంటుకొనియున్నదే కాని గోడలో కలిసినది కాదు. వ్రాతప్రతులకు పురుగు పట్టకుండుటకును, తప్పులు కప్పుటకును పూర్వులు కాగితముపై పూసిన హరిదళమును అట్టిదే. మన సీమయందును కన్నడదేశమందును వర్తకులు లెక్కలు వ్రాసికొన్న కడితమును ఇట్టిదే. గుడ్డకు చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి పూసి, ఆరబెట్టి, మడతలుగా మడచి, నల్లని ఆ గుడ్డపై తెల్లని బలపముతో వ్రాసెడివారు. అక్కఱ తీరినచో తుడిచి మరల వ్రాసెడివారు. గుడ్డయే పుస్తకమైన కాలమది! అందలి నలుపు అంబలి పట్టున్నంతకాలమే నిలుచును. అంబలి పొరలుగా లేచినచో నలుపును లేచిపోవును.

అద్దకము అట్లు కాదు. రంగు నీట కరగి, పోగు లోపలికి దిగి, అక్కడ ఏదో యొక విధముగా నిలువవలెను. ఆ నిలుచు విధము ఎన్ని రకములు? ఈ ప్రశ్నకు ఉత్తరము నాకు మొదట రసాయనశాస్త్రమున దొరకలేదు, అలంకారశాస్త్రమున దొరకినది. పదునాల్గవ శతాబ్దివాడైన విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున పూర్వరాగమును మూడు తెఱగులుగా విభజించెను. మిక్కిలి ప్రకాశింపకున్నను ఎన్నటికిని తొలగనిది నీలీరాగము. దానికి సీతారాముల ప్రేమను ఉదాహరించెను. చక్కగా ప్రకాశించియు తొలగిపోవునది కుసుంభరాగము. ప్రకాశించుచునే తొలగనిది మంజిష్ఠారాగము. సంస్కృతమున రాగమన్నను, రంజనమన్నను, రజకుడన్నను ఒక్క ధాతువునుండి పుట్టినవే. ప్రేమకును రంగునకును పేరొక్కటియే. పండితులు ఈ మూటిని ఉపమానములుగా చదివి ముందునకు పోవుదురు. నేను పిల్లలకు పాఠము చెప్పునపుడు అట్లే చెప్పెడివాడను. కాని అద్దకపు తొట్టియొద్ద నిలిచి చూచినచో ఇవి ఉపమానములు మాత్రమే కావు. నూలునకు రంగు పట్టు మూడు వేర్వేరు విధములకు సరియైన మూడు పేర్లు. విశ్వనాథునకు ఈ విభాగము దొరకినది రాజసభయందు కాదు, రంగులు వేయువారి వాడలో నని నాకు తోచుచున్నది.

కుసుంభమనగా మన చేలలో వేసెడి కుసుమ. నేడు దానిని నూనెకై వేయుదురు గాని, వెనుక దాని పూలకై వేసెడివారు. అమరసింహుడు దానికి మహారజనమను గొప్ప పేరిచ్చెను. పూలలో పసుపురంగు ఎక్కువ, ఎరుపు మిక్కిలి తక్కువ. పూలను నీట త్రొక్కి పసుపును పోగొట్టి, మిగిలిన పిప్పిని ఉత్తరేణి మొదలగు బూడిదల తేటతో కలిపినచో ఎరుపు క్షారములో కరగి దిగును. అందు నూలు ముంచి చింతపులుసో నిమ్మరసమో పోసినచో ఆ పులుపునకు క్షారము విరిగి, రంగు నీటిని విడిచి నూలును చేరును. అప్పుడు వచ్చు గులాబియెరుపును చూచినవారు మరియొక యెరుపును మెచ్చరు. నడుమ పటిక లేదు, కరక్కాయ లేదు. రంగు తనంతట తాను పోగును పట్టుకొనుచున్నది. పట్టుకొనుట యేమి? పైన చెప్పిన ముండ్లకును రంగు అణువునకును నడుమ నుండు స్వల్పాకర్షణము మాత్రమే. క్షారపు నీరు తగిలినచో ఆ పట్టు సడలును. ఎండ తగిలినచో రంగు అణువే విరిగిపోవును.

ఇట్టిదే యని ప్రతి గృహస్థునకును తెలిసిన మరియొక రంగు పసుపు. పెండ్లిశుభలేఖకు నాలుగు మూలల పసుపు రాయుదుము. ఆ పసుపు తడిగానున్నప్పుడు కాగితపు పోగులలోనికి దిగి, నడుమ ఏ సాయమును లేకయే అంటుకొనును. దానిపై సున్నపునీటి చుక్క పడినచో ఎఱ్ఱబారును. పారాణి యెరుపు ఇదియే. గూటిలో పెట్టిన శుభలేఖ పసుపు ఏండ్లతరబడి యుండును. కిటికీయొద్ద అంటించిన శుభలేఖది నెల తిరుగకుండ పాలిపోవును. సువాసినులు దీనిని తెలిసియే పసుపును నిత్యము క్రొత్తగా రాసికొందురు కాబోలు!

నీలి కథ వేరు. కడప కర్నూలు మండలములలో నీలిమందు చేయు తొట్లు ఊరూర నుండెడివి. అక్కడి సరకు మద్రాసు రేవునుండి సీమకు ఓడలకెక్కెడిది. నీలిమందు నీట కరగదు; నీట కరగని రంగు పోగులోనికి దిగదు. ఈ చిక్కును మనవారు విడదీసిన తీరు వింతయైనది. తొట్టిలో నీలిమందును, సున్నమును, చౌడును వేసి, ఉడికించిన తగిరిస గింజలు చేర్చి, మూతవేసి పులియనిత్తురు. పులియునపుడు పుట్టు సూక్ష్మజీవులు తొట్టిలోని ప్రాణవాయువును తినివేసి, నీలిని రూపు మార్చి, క్షారములో కరగునట్లు చేయును. అప్పుడు తొట్టిలోని నీరు నీలముగా నుండదు, పచ్చనై పసుపుపచ్చకు దిగును. పైన మాత్రము రాగివన్నె నురుగు తేలును. నూలు ముంచి పైకెత్తినచో పచ్చగా నుండి, గాలి తగిలిన కొలది చూచుచుండగనే నీలమగును. గాలిలోని ప్రాణవాయువు నీలిని మరల కరగని వస్తువుగా మార్చివేసినది. లోపలికి కరగి పోయినది, లోపల గట్టిపడి తిరిగి రాలేక నిలిచినది. చిన్న మూతి కుండలో గుమ్మడి పిందెను పెట్టి పెంచినచో, కాయ పెరిగిన పిమ్మట కుండను పగులగొట్టక తీయలేము; ఇదియు నట్లే. పైపైన అంటిన పొడి రాపిడికి కొంత రాలును. లోనిది ఉదుకులకు లొంగదు. సీతారాముల ప్రేమ దీనితో పోల్చబడుట మెచ్చదగినది.

ఇందుకు కాగితమే సాక్ష్యము. ఐరోపాలో వెనుక ఇటలీ మొదలగు దేశములవారు నీలికాగితమును చేసెడివారు. దానికి వేరుగా రంగు వేసెడివారు కారు. కూలివారు కట్టి చింపివేసిన నీలిగుడ్డలను ఏరి, కుళ్లబెట్టి, దంచి గుజ్జు చేసినచో గుజ్జు నీలముగానే యుండెడిది. గుడ్డగా కట్టి, ఉదికి, చింపి, నానబెట్టి, రోకళ్లతో పోగును పోగునుండి విడదీసినను పోని రంగు ఇంక దేనికి పోవును? ఆ కాగితముపై వెనిసు చిత్రకారులు గీసిన బొమ్మలు నేటికిని చిత్రశాలలలో నిలిచియున్నవి.

ఇక మన పేరులోని యెరుపు. మంజిష్ఠ కొండతీగ, అది మన మెట్టనేలది కాదు. కాని ఆ జాతి యెరుపు నిచ్చు వేళ్లు, పట్టలు మనకు వేరే యున్నవి. కోస్తాలో చిరివేరు, మన పీఠభూమిలో తొగరు వేరు, అడవులలో సురుగుడుచెక్క. చిరివేరులోను మంజిష్ఠజాతి వేళ్లలోను ఉండు రంగు అణువులు దగ్గరి చుట్టములు. తొగరులోనిది కొంచెము వేరైనను ఆ వంశముదే. వీటికొక లోపము కలదు. ఒంటిగా నూలును పట్టలేవు. వేరు కషాయములో నూలు ముంచి ఎత్తి జాడించినచో మురికిచాయ తప్ప నిలువదు. కావున ముందు నూలును కరక్కాయ నీట ముంచి, పిదప పటికనీట ముంచి, ఆరబెట్టి, తరువాత వేరు కషాయములో మరగబెట్టవలెను. కొన్నియెడల నూనెను బూడిదతేటతో విరిచి నూలునకు దినముల తరబడి పట్టించెడివారు. కరక్కాయలోని వగరు పోగును పట్టును. పటికలోని లోహము ఆ వగరును పట్టును. రంగు ఆ లోహమును పట్టును. రంగునకు నూలునకు నడుమ పటిక పెండ్లిళ్ల పేరయ్య వంటిది. భేదమొక్కటియే: పెండ్లి కాగానే పేరయ్య సంభావన పుచ్చుకొని వెడలిపోవును, పటికలోని లోహము ఆ యింటనే కాపురముండును. అది యున్నంతకాలము రంగు కదలదు. పటికకు బదులు అన్నభేది వేసినచో, అదే వేరునుండి ఎరుపు రాక ఊదాయు నలుపును వచ్చును. మచిలీబందరు కలంకారీ యంతయు ఈ యొక్క కీలుపై నడచినది: గుడ్డపై ఒకచోట పటికయు, మరొకచోట అన్నభేది నీరును వ్రాసి, ఒక్క కాగులో మరగబెట్టినచో ఎరుపును నలుపును తమ తమ చోట్ల తామే లేచును.

ఇచ్చట మన గార్లదిన్నె ప్రాంతపు నీటిని గూర్చి చెప్పక తప్పదు. పేరును విడదీసినచో గారచెట్ల దిన్నె యని తోచు ఈ యూరు పెన్నకు చేరువనున్నను, అనంతపురము సీమ వర్షము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లే యగుటచే, పెన్నహోబిలపు చాయలనుండి తాడిపత్రి వఱకు మనము బ్రతికినది బావినీటిపై. మన బావులు పెక్కింట సున్నపు పాలు గల కఠినజలము. పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు అని ఆడువారు తిట్టుకొను నీరది. కాని పటికతో పట్టు ఈ వేళ్ల యెరుపునకు సున్నము అవసరము. లోహముతో పాటు సున్నమును కలిసిననే ఆ యెరుపు నిండుగా, గట్టిగా వచ్చునని రసాయనజ్ఞులు తేల్చిరి. కఠినజలమున్న యూళ్లలో ఇట్టి యెరుపు రాణించుట ఐరోపాలోని అద్దకపువారును ఎరుగుదురు. పంటను ఎండగట్టిన నేలయే రంగును పండించినది. గారకాయ సంగతియు ఇక్కడనే చెప్పెదను: ఇంగుదీ యని కాళిదాసు శాకుంతలమున ముని కన్యల ఆశ్రమమున కనబడునది ఇదియే. దాని గుజ్జు నీట నురుగునిచ్చును. సబ్బులేని నాడు పట్టును శుభ్రపరచుటకు దానిని వాడెడివారు.

పటికను నడుమ నిలిపి ఎరుపును పట్టించు ఈ విద్య ఎంత పాతదో తెలుపుటకు మొహెంజొదారో చాలును. అక్కడి త్రవ్వకములలో ఒక వెండిపాత్రను అంటుకొని దొరకిన నూలుగుడ్డ పీలికపై మంజిష్ఠజాతి రంగు కనబడినది. నాలుగువేల యేండ్లు దాటినది! మంజిష్ఠారాగము తొలగదని విశ్వనాథుడు చెప్పుటకు మూడువేల యేండ్లు ముందే అది తొలగక నేలలో పడియున్నది.

ఇంత గట్టి విద్య యెట్లు పోయినదని అడుగుదురు. 1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్ల బాలుడు, పదునెనిమిదేండ్లవాడు, తారునుండి తీసిన పదార్థముతో క్వినైను చేయబోయి ఊదారంగును చేసెను. 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మనులు ఇట్టి వేళ్లలోని యెరుపును, అనగా ఆలిజరినును, తారునుండియే పుట్టించిరి. కొలది యేండ్లలో అది మూటలుగా మద్రాసు రేవున దిగినది. ఆ కాలముననే 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు మన సీమను ఎండగట్టినది. కొనువాడు లేని నాడు మగ్గములు నిలిచినవి. 1896లో ఎడ్విన్ హోల్డర్ మద్రాసు రాజధాని అద్దకములపై గ్రంథము వ్రాసెను. మరుసటియేట జర్మనీ కర్మాగారపు నీలి అంగడికి వచ్చినది. కడప నీలితొట్లు క్రమముగా పాడుపడినవి. 1914లో యుద్ధము వచ్చి జర్మను రంగులు ఆగిపోయినపుడు ధరలు మండి, పాత వేళ్లను కొంతకాలము మరల వెదకిరి. యుద్ధము ముగిసినది, వేళ్లను మరచిరి.

ఇందు న్యాయము మాటాడవలెను. కర్మాగారపు ఆలిజరిను చిరివేరులోని యెరుపునకు నకలు కాదు. అణువునకు అణువు అదియే. పటిక లేక అదియు పట్టదు, పటికతో పట్టినచో అదియు పోదు. కాబట్టి ఓడినది రంగు కాదు, వేరు త్రవ్వి బ్రతికినవాడు. నేతగానికి రంగునూలు చవుకగా దొరకినమాట నిజము. దోషమంతయు ఆలిజరినుపై మోపి పూర్వకాలమును పొగడువారు ఈ సంగతిని గమనింపరు. అసలు మోసము మరియొక రంగుతో వచ్చినది.

అది మెజెంటా. 1859 ప్రాంతమున ఫ్రాన్సున పుట్టి, ఆ యేటి యుద్ధభూమి పేరు పెట్టుకొన్నది. దానితోబాటు ఆ కుదురుకు చెందిన పచ్చలు, ఊదాలు, పసుపులు వరుసగా వచ్చినవి. చిటికెడు వేసినచో కడివెడు నీరు మండిపోవును. ఈ రంగుల అణువులు ధనవిద్యుత్తు గలవి. పట్టును, ఉన్నిని చూచినచో తామే అంటుకొనును. శుద్ధమైన నూలును చూచినచో అంటవు. కరక్కాయ వగరు ముందు పట్టించిననే నూలుపై నిలుచును. కాని మిల్లు కాగితమునకు ఇవి బహుప్రియములు. వెదురునను కట్టెలోను సెల్యులోజుతోబాటు లిగ్నిన్ అను పదార్థముండును. దానిలోని ఆమ్లాంశములు ఋణవిద్యుత్తు గలవి. గుజ్జులో ఆ లిగ్నిన్ మిగిలియున్నచో మెజెంటావంటి రంగు పోసినంతనే పీల్చుకొనును, నీరు తేటయగును. అందుచేత ముతక కాగితమునకు, పొట్లపు కాగితమునకు, నాటకపు కరపత్రమునకు ఈ రంగులే వేసిరి. గులాబి కరపత్రము గోడమీద వారము దినములకే తెల్లబడుట అందరము చూచినదే. రంగు పోగును విడిచిపోలేదు. ఎండకు అక్కడనే చచ్చిపోయినది. నిలుకడ రెండు విధములు: నీటికి నిలుచుట యొకటి, వెలుగునకు నిలుచుట యొకటి. కుసుంభరాగము రెంటికిని ఓడును. ఇది నీటికి కొంత నిలిచి వెలుగునకు ఓడును. విశ్వనాథుడు దీనిని చూచియుండినచో నాలవ పేరు పెట్టియుండునేమో.

1884లో కాంగో యెరుపు వచ్చినది. పటిక గాని కరక్కాయ గాని లేక, ఉప్పు వేసిన వేడినీట నూలును తానే పట్టిన మొదటి కర్మాగారపు రంగు ఇది. అణువు పొడవుగా, పలుచగా పలకవలె నుండును. సెల్యులోజు గొలుసు ప్రక్కన తాను పడుకొని పెక్కుచోట్ల కొంచెము కొంచెముగా పట్టుకొనును. ఒక్కొక్క పట్టు బలహీనమే యైనను అన్నియు కూడి గట్టిపట్టగును. నీటిలో పోగును ఋణము, రంగును ఋణము, ఒకదానినొకటి త్రోసికొనును. ఉప్పు ఆ త్రోపును తగ్గించును. ఈ కుటుంబపు రంగులే నేటికిని మంచి రంగు కాగితమునకు ఆధారము.

మిల్లులో కాగితమునకు రంగు వేయుట నూలునకు వేయుటకంటె కష్టము. నూలును గంటలకొలది మరగబెట్టవచ్చును. గుజ్జు నిముషములలో తడికెపైకి పోవలెను. పట్టని రంగు నీటితోబాటు కాలువపాలగును. అందులకు పటికయే మరల ప్రవేశించినది. 1807లో ఇల్లిగ్ అను జర్మను, జంతుజిగురునకు బదులు సర్జరసమును పటికతో కలిపి గుజ్జులోనే వేసి, సిరా ప్రాకని కాగితము చేయు ఉపాయమును ప్రకటించెను. ఆ పటిక సర్జరసమును పోగునకు అంటించుటయే కాక, తనంతట అంటలేని ఋణరంగులను గూడ పోగునకు చేర్చును. 1924లో రాజమహేంద్రవరమున కర్నాటిక్ పేపర్ మిల్సుగా మొదలై తరువాత ఆంధ్ర పేపర్ మిల్సైన కర్మాగారమును, 1938లో స్థాపితమై 1942లో కాగితము తీసిన సిర్పూరు మిల్లును వెదురుగుజ్జుతో నడచినవే. ఆ మిల్లు వలననే కొత్తపేట కాగజ్‌నగరమైనది. కాని పటికకు ఒక పాపము కలదు. అది పుల్లనిది. ఏండ్లు గడచినకొద్ది ఆ పులుపు సెల్యులోజు గొలుసును ముక్కలు చేయును. కాగితము గోధుమవన్నెకు తిరిగి, మడిచినచోట విరుగును. రంగును నిలిపిన పటికయే కాగితమును చంపినది. అందుచే గడచిన నాలుగైదు దశాబ్దులలో పెక్కు మిల్లులు పటికను విడిచి, సుద్దపొడి చేర్చిన పులుపులేని కాగితమునకు మారినవి.

1956లో ఇంగ్లండున వెలువడిన మరియొక తెగ రంగులు సెల్యులోజుతో రసాయనసంయోగమునే పొందును. రంగు అణువు పోగు అణువులో భాగమైపోవును. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున సంయోగము, సమవాయము అను రెండు సంబంధములు చెప్పబడినవి. విడదీయవచ్చు సంబంధము సంయోగము, విడదీయరానిది సమవాయము. సమవాయమునకు తార్కికులందరును చూపు ఉదాహరణము దారమును వస్త్రమును! ఆ పరిభాషలో చెప్పినచో, లేపాక్షి పూత సంయోగము, ఈ క్రొత్త రంగు ఇంచుమించు సమవాయము. రసాయనజ్ఞులు దీనినే సంయోగమని పిలుచుట మా తర్కపండితులకు నవ్వు పుట్టించును, పోనిండు.

ఇంత వ్రాయుటకు కారణము మన పెట్టెలలోని కాగితములు. మన సంఘచరిత్ర వ్రాయబోవువారికి రాగిరేకులు లేవు, శాసనములు అరుదు. ఉన్నవి మగ్గపు లెక్కలు, నూలు అప్పుపద్దులు, మునిరో దొర కాలమున మగ్గములపై వేసిన మొతర్ఫా పన్ను చీటులు, పెండ్లికట్నపు జాబితాలు, సభల తీర్మానపు పుస్తకములు, విద్యార్థివసతులకు చందా లిచ్చిన దాతల పేరులు. కర్నల్ మెకంజీ (1754–1821) గ్రామములవెంట వ్రాయించి తెచ్చిన కైఫీయతులు ఆయన మరణించిన కొలది కాలమునకే చివుకుట మొదలుపెట్టగా, చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) మరల నకలులు వ్రాయించెను గనుక పెక్కు ఊళ్ల చరిత్ర మనకు దక్కినది. మన పెట్టెలకు బ్రౌను రాడు.

వాటిలో గుడ్డగుజ్జు కాగితముపై దీపపు మసి, తుమ్మబంక కలిపిన సిరాతో వ్రాసినవి నూఱేండ్లు గడచినను నల్లగానే యున్నవి. మసి యెండకు చావదు. కరక్కాయ, అన్నభేది కలిపిన సిరాతో వ్రాసినవి గోధుమవన్నెకు తిరిగి, కొన్నిచోట్ల అక్షరమున్నంత మేర కాగితమునే తినివేసినవి. అన్నిటికంటె చెడినవి క్రొత్తవే. చందా రసీదులు గులాబి కాగితముపైనను, దాతల జాబితాలు పచ్చ కాగితముపైనను అచ్చువేయుట ఒక కాలమున వాడుకైనది. వాటిపై ఊదా రబ్బరుముద్ర, ఊదా సిరా సంతకము. కాగితపు రంగును, సంతకపు రంగును ఒక్క తెగవే. రెండును వెలుగునకు చచ్చునవే. చందా యిచ్చిన మహనీయుని పేరు మనుమనికాలమునకు దొరకకపోవుట కృతఘ్నత వలన గాక రంగు వలన జరిగినచో, అది మన కులవిద్యకే అవమానము గదా.

మన గాలి పొడిది గనుక బూజు బాధ కోస్తాకంటె తక్కువ, ఎండయే శత్రువు. కావున పాత కాగితములు గల కుటుంబములవారు వాటిని వెలుగు సోకని చోట, చదునుగా, పులుపులేని తెల్లకాగితము మడతలలో నుంచవలెను. తడిసిన కట్టను ఎండలో పరువక నీడలో ఆరనిండు. లెక్కపుస్తకములకు చుట్టిన ఎఱ్ఱగుడ్డను విప్పునపుడు తడిపిన తెల్లగుడ్డ కొననొక మూలకు అద్ది చూడుడు. తెల్లగుడ్డ ఎఱ్ఱబారకున్నచో అది నీటికి నిలిచిన యెరుపు, మరల చుట్టవచ్చును. ఎఱ్ఱబారినచో ఆ గుడ్డను వెంటనే వేరుచేయుడు. ఒక్క వాన కారినచో అది పద్దులన్నిటిని రంగునీటిలో ముంచును. ఇకమీద సభ తీర్మానములను, దాతల పేరులను తెల్లని కాగితముపై నల్లని మసిసిరాతోనే వ్రాయుదురని కార్యదర్శులను కోరుచున్నాను. ఈ సంచిక అట్టకు మాత్రము ఏ రంగు వేసినను నాకు అభ్యంతరము లేదు. లోపలి పుటలు తెల్లగా నున్నవి.